ఎండాకాలపు బక్రీద్

బక్రీద్ రోజు అసర్ నమాజు వేళకు మన వాడల్లో ఏ సందులోకి వెళ్లినా ఒకటే దృశ్యం. పిల్లలు రెండు చేతులా ప్లాస్టిక్ కవర్లు వేలాడదీసుకుని ఇంటింటికీ తిరుగుతుంటారు. ఒక్కో కవరులో పావుకిలో, అరకిలో ఖుర్బానీ మాంసం. ఇంకా వెచ్చదనం పోని మాంసాన్ని కవరులో వేసి మూతి బిగించి ముడివేస్తే లోపల చెమట పడుతుంది. రెండు గంటలు అలాగే ఉంటే వాసన మొదలవుతుంది. అందుకున్న పేదవాడు దాన్ని కడిగి కడిగి వండుకోవాలి. మర్నాడు తెల్లవారేసరికి ఆ కవర్లన్నీ మురుగుకాలువల్లో ఉంటాయి. నెత్తుటి వాసనకు కుక్కలు వాటిని చీల్చుతాయి, ఆవులు నములుతాయి. 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధం. అయినా పండుగ నాడు మన చేతుల్లో ఉండేవి అవే.

ఇది వీధిలోని సంగతి. ఇంటి లోపలి సంగతి మరొకటి ఉంది. నేను ఈ రోజు రాయదలచుకున్నది దాని గురించే.

మన ఇళ్లలో మాంసాన్ని, కూరగాయలను, మామిడికాయను నెలల తరబడి నిలవ చేసుకునే విద్య ఒకటి ఉండేది. దానికి కరెంటు అక్కర్లేదు, ప్లాస్టిక్ అక్కర్లేదు. ఎండ, ఉప్పు, పసుపు, నూనె, ఒక కుండ, ఒక జాడీ ఉంటే చాలు. ఎండబెట్టిన మాంసాన్ని రాయలసీమలో ఉప్పుకండ అంటారు, తెలంగాణ పల్లెల్లో తునకలంటారు, మన ఇళ్లలో సూఖా గోష్ అంటాం. ఇది మన ఒక్కరి సొత్తు కాదు, దళిత వాడల్లో మనకన్నా బాగా చేసేవారున్నారు. కానీ బక్రీద్ వల్ల ఏటా తప్పనిసరిగా ఈ పని పడే ఇళ్లు మనవి. ఆ పని ఇప్పుడు ఎంతమంది ఇల్లాళ్లకు వచ్చు? నా ఈడు వాళ్లలో పది మందిని అడిగితే ఇద్దరు వచ్చన్నారు. వాళ్ల కూతుళ్లలో ఒక్కరికీ రాదు. ఫ్రిజ్, దాని పైఅరలో గట్టగా బిగుసుకుపోయిన ప్లాస్టిక్ సంచులు, అంతే.

ఇంత తొందరగా ఎలా మరచిపోయాం? దీనికి ఫ్రిజ్ ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. పంచాంగం కూడా ఒక కారణం.

మన హిజ్రీ సంవత్సరం చంద్రుని లెక్క. ఇంగ్లీషు సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. అందుకే బక్రీద్ ఏటేటా వెనక్కి జరుగుతూ అన్ని కాలాలనూ చుట్టి సుమారు 33 ఏళ్లకు మళ్లీ మొదటి చోటికి వస్తుంది. 1994లో, 1995లో బక్రీద్ మే నెలలో వచ్చింది. ఆ తరువాత వసంతంలోకి, చలికాలంలోకి, ముసుర్లలోకి జరిగింది. 2022లో జూలై 10న, 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న చేసుకున్నాం. ఇక లెక్క ప్రకారం 2026లో మే చివరి వారం, 2027లో మే నడిమి, 2028లో మే మొదటి వారం. ఒక రోజు అటూ ఇటూ నెలవంక చెబుతుంది. అంటే ముప్పై ఏళ్ల పైచిలుకు తరువాత బక్రీద్ మళ్లీ మన నడి వేసవిలోకి వస్తోందన్నమాట. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. మాంసం ఎండబెట్టడానికి అంతకన్నా మంచి ఎండ లేదు. ఈ మూడు నాలుగేళ్లు దాటితే అలాంటి ఎండలో బక్రీద్ మళ్లీ 2060 ప్రాంతానికి గానీ రాదు.

1994లో నాకు పన్నెండేళ్లు. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్న ప్రాంతంలో మా ఊరు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా దాదీ ఆ పండుగ రెండో రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సూఖా గోష్ చేయడం నేర్పింది. ఆవిడకు వాళ్ల అత్తగారు నేర్పిందట. అదెప్పుడని లెక్క వేసి చూస్తే 1961. ఆ ఏడూ బక్రీద్ మే నెలలోనే. అంటే ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కోడలు దాదీ అయింది, నేర్చుకున్నది నేర్పింది. ఇప్పుడు మరో చుట్టు పూర్తయింది. వంతు నాది, నా ఈడు వాళ్లది.

దాదీ చేసిన పద్ధతి నాకు గుర్తున్నంత వరకు చెబుతాను.

మాంసం కొట్టేటప్పుడే తొడ కండను ముక్కలు చేయనివ్వకుండా ఆవిడ అడిగి విడిగా తీయించేది. కొవ్వు, పొరలు శుభ్రంగా తీసేసేది. కొవ్వు ఎండదు, కొన్నాళ్లకు కారు వాసన వేసి మిగతాదాన్నీ పాడు చేస్తుంది. తరువాత కండను పేగు పట్టీ మాదిరిగా కత్తిపీట మీద విప్పుకుంటూ కోసేది. వేలి మందం కూడా ఉండకూడదు, పెన్సిలంత సన్నంగా, మూరెడు పొడవున సాగాలి. ముక్కలుగా నరికితే పైన ఎండుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఈగ వాలేది, పురుగు పట్టేది అక్కడే. కిలో మాంసానికి 50 గ్రాముల దాకా రాళ్ల ఉప్పు దంచి, చెంచాడు పసుపు కలిపి బాగా పట్టించి, వెదురు బుట్టలో గంటసేపు వదిలేసేది. ఉప్పుకు మాంసంలోని నీరు కిందికి కారిపోతుంది. కొందరు అల్లం, వెల్లుల్లి, కారం కూడా పట్టిస్తారు. మా దాదీకి అవి నచ్చేవి కావు. "వండేటప్పుడు వేసుకుందాం బేటీ, ఇప్పుడెందుకు?" అనేది.

తరువాత దబ్బనంతో, పురికొసతో ఒక్కో పట్టీని గుచ్చి, ఒకదానికొకటి తగలకుండా డాబా మీద దండెం కట్టేది. పైన పలచటి మల్లుగుడ్డ. ఆ గుడ్డ మాంసాన్ని అంటకూడదు. నా పని కాపలా. ఆకాశంలో గద్దలు తిరుగుతుండేవి. చేతిలో కర్ర పట్టుకుని మెట్ల గది నీడలో కూర్చుని మధ్యాహ్నమంతా వాటినే చూస్తుండేదాన్ని. సాయంత్రం మంచు దిగకముందే దండేన్ని విప్పి లోపలికి తెచ్చి, పొయ్యి పైన వేలాడదీసేది. పొగ తగిలితే ఈగ రాదు. అలా నాలుగు రోజులు. పట్టీని విరిస్తే ఎండుపుల్లలా పుటుక్కుమనాలి, వంగితే ఇంకో ఎండ కావాలి.

మాంసంలో ముప్పాతిక వంతు నీరే. ఆ నీటిలోనే క్రిములు పెరుగుతాయి. ఎండ, ఉప్పు కలిసి ఆ నీటిని తీసేస్తే క్రిమికి బతుకు లేదు. ఇంతే ఇందులోని శాస్త్రం. కిలో మాంసం మూడో వంతుకు దిగిపోతుంది. దాన్ని మట్టికుండలో వేసి మూకుడు పెట్టి గుడ్డ కట్టి ఉట్టి మీద ఉంచేవారు. నెలకోసారి తీసి ఒక ఎండ చూపించాలి. గాజు సీసా ఉన్నా మంచిదే, గట్టి మూత ఉన్న రేకు డబ్బా ఉన్నా సరే. ప్లాస్టిక్ డబ్బాలో, కవరులో మాత్రం వద్దు. రాత్రి చల్లబడి పగలు వేడెక్కినప్పుడు పలచటి ప్లాస్టిక్ లోపల తేమ పడుతుంది. నాలుగు రోజుల కష్టం బూజు పాలవుతుంది.

వండేటప్పుడు వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, కడిగి, రోట్లో రెండు దెబ్బలు వేసి పీచు విప్పి, చింతచిగురుతోనో గోంగూరతోనో బాగా ఉడికించాలి. కూరలో ఉప్పు చివర రుచి చూసి వేసుకోవాలి. ఆషాఢం ముసురులో ఆ కూర, జొన్నరొట్టె తిన్నవారికి నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఇంత రాశాను కదా, నాకు అంతా వచ్చనుకోకండి. 2022 బక్రీద్‌కు నేనూ ప్రయత్నించాను. దాదీ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. జూలై నెల, పైన మబ్బు. ఉప్పు తక్కువ వేశాను, పట్టీలు లావుగా కోశాను. మొదటి రోజు ఎండ వచ్చినట్టే వచ్చి పోయింది. మూడో రోజుకు దండెమంతా జిగురు, వాసన. రెండు కిలోల ఖుర్బానీ మాంసం గుంట తీసి పూడ్చాను. ఆ రోజు పడ్డ బాధ చెప్పలేనిది. అల్లాహ్ పేరు మీద కోసిన మాంసం, ఎవరి నోటికీ అందకుండా మట్టిపాలు చేశాను. తరువాత మా ఖాలా ఒకావిడను అడిగితే నవ్వి, "వానాకాలం బక్రీద్‌కు మీ దాదీ ఎండబెట్టేది కాదమ్మా. ఉప్పు, పసుపు వేసి నీరు ఇంకేదాకా ఉడికించి, దాని కొవ్వులోనే వేయించి, రోజూ రెండు పూటలా వేడి చేసేది. వారం దాటనిచ్చేది కాదు" అన్నది. ఆవిడకు రెండు కాలాలకూ రెండు పద్ధతులు తెలుసు. నేను చూసింది ఒక్కటే. పన్నెండేళ్ల వయసులో ఒకసారి చూసినదాన్ని నలభై ఏళ్లకు చేయబోతే ఇలాగే అవుతుంది. పుస్తకంలో చదివినా ఇంతే. పక్కన కూర్చుని, చేత్తో కోసి, తప్పు కోస్తే ఒక మాట అనిపించుకుని నేర్చుకోవాలి.

ఎండుమాంసం లేనివాళ్ల తిండి అని మన పిల్లలు ముఖం తిప్పుకుంటారు. వాళ్లకు ఒక హదీసు చెప్పండి. మదీనాలో ఒక దర్జీ మన ప్రవక్త (స) గారిని భోజనానికి పిలిచాడు. బార్లీ రొట్టె, సొరకాయ ముక్కలు, ఎండుమాంసం వేసిన పులుసు పెట్టాడు. ప్రవక్త (స) వారు గిన్నె అంచుల వెంట సొరకాయ ముక్కలు వెతికి మరీ తినడం వెంట వెళ్లిన హజ్రత్ అనస్ (రజి) చూశారు. నాటి నుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందని ఆయన చెప్పుకున్నారు. బుఖారీలో ఉన్న హదీసు ఇది. మన ఇళ్లలో కద్దూ, గోష్ కలిపి వండేటప్పుడు ఎంతమందికి ఇది గుర్తొస్తుంది? జిల్‌హిజ్జా 11, 12, 13 తేదీలను మనం తష్‌రీఖ్ దినాలంటాం. మాంసాన్ని చీల్చి ఎండలో పరచడమే ఆ మాటకు అర్థమని అరబ్బీ భాషా పండితులు చెప్పే వివరణల్లో ఒకటి. తక్బీర్ మరచిపోలేదు గానీ, ఆ పేరులో ఉన్న పనిని మరచిపోయాం.

ఇక్కడ ఫ్రిజ్ గురించి ఒక మాట చెప్పాలి. నేను ఫ్రిజ్‌కు వ్యతిరేకిని కాను. పాలకు, మందులకు, పసిపిల్లలున్న ఇంటికి అది ఎంత మేలో నాకు తెలుసు. కానీ బక్రీద్ విషయంలో ఫ్రిజ్, ప్లాస్టిక్ కవరు కలిసి మన చేతులను కొంచెం బిగించాయి. పూర్వం మాంసం నిలవ చేయాలంటే కష్టం. ఎంత కోయగలమో, ఎంత ఎండబెట్టగలమో అంతే ఉంచుకునేవారు, మిగతాది పొద్దుగూకేలోపు పంచి తీరాల్సిందే. ఇప్పుడు కవర్లలో వేసి పైఅరలో కుక్కితే మూడు నెలలు. అందుకని తొడ ముక్కలన్నీ పైఅరకు, ఎముకలు, కొవ్వు పేదల కవర్లకు. అందరూ ఇలా చేస్తారని అనను. కానీ చేస్తున్న ఇళ్లు నేను చూశాను. మీరూ చూసే ఉంటారు.

ప్రవక్త (స) వారి కాలంలో ఒక ఏడు బక్రీద్‌కు ఎడారి నుంచి పేదలు ఎందరో మదీనాకు వచ్చారు. ఆ ఏడు ఆయన మూడు రోజులకు మించి మాంసం ఉంచుకోవద్దని, మిగిలింది పంచెయ్యమని ఆదేశించారు. మరుసటి ఏడు ఆ అవసరం తీరింది కాబట్టి తినండి, దాచుకోండి, దానం చేయండి అని అనుమతించారు. దాచుకోవడం తప్పు కాదన్నమాట. మేము ఖుర్బానీ మాంసానికి ఉప్పు పట్టించి ఉంచేవాళ్లమని హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. అయితే దాచుకునే ముందు వాకిట్లో ఎవరున్నారో చూడాలి. నా లెక్క ఏమిటంటే, మూడు వాటాలూ ముందు పడాలి, మంచి ముక్కలు మూడింటిలోనూ సమానంగా పడాలి. ఎండబెట్టేది మన వాటా నుంచి మాత్రమే. వీలైతే పేదింటికి ఇచ్చే వాటాలో కూడా కొంత ఎండబెట్టి తరువాత ఇవ్వవచ్చు. పండుగ నాడు ఒకేసారి అయిదారు ఇళ్ల మాంసం వచ్చిపడితే ఫ్రిజ్ లేని ఇల్లాలు ఏం చేస్తుంది? అదే ఎండినది ఒక గుప్పెడు శ్రావణంలో అందితే ఆ ఇంటికి అది ఇంకో పండుగ.

పంచడానికి ప్లాస్టిక్ కాక మరేమిటి అని అడుగుతారు. ఇచ్చేవాళ్లు స్టీలు డబ్బాలో, పళ్లెంలో తీసుకువెళ్లి అక్కడ వంచి రావచ్చు. మా చిన్నతనంలో పంపిన గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది కాదు, అందులో ఒక బెల్లంముక్క అయినా ఉండేది. వాకిటికి వచ్చేవారికి మోదుగాకు, అరిటాకు వాడవచ్చు, లేదా గిన్నె తెచ్చుకోమని ముందుగా చెప్పవచ్చు. కొందరు పాత పేపర్లలో చుడుతున్నారు. దయచేసి వద్దు. అచ్చు సిరా ఆహారానికి అంటితే హాని అని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. ఈ శుక్రవారం పేజీ అయినా సరే, చదివి పక్కన పెట్టండి, మాంసం చుట్టకండి.

ఇదంతా చదివి మా సోదరీమణులు కొందరు కోపగించుకోవచ్చు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ప్లాస్టిక్ డబ్బా తేలిక, కింద పడితే పగలదు, చవక. జాడీలు మోసి, గుడ్డలు ఉతికి, నాలుగు రోజులు డాబా ఎక్కి దిగింది ఆడవాళ్లే. పాతకాలం మంచిదని రాసేవాళ్లు చాలాసార్లు మగవాళ్లే కావడం నేనూ గమనించాను. కాబట్టి ఈ పని మళ్లీ ఇంట్లోకి రావాలంటే ఆడపిల్లల నెత్తిన పెట్టి ఊరుకోకూడదు. ప్రవక్త (స) వారు ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనుల్లో ఉండేవారని, నమాజు వేళకు లేచి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మన ఇళ్లలో పదిహేనేళ్ల అబ్బాయి కోడిగుడ్డు కూడా ఉడికించలేడు. రేపు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో వేడివేడిగా పోసి ఇచ్చే హోటలు కూరే వాడికి దిక్కు. వేడి, నూనె కలిసి తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు కూరలోకి దిగుతాయి. కండ కోయడం, దండెం కట్టడం, గద్దలకు కాపలా ఉండటం అబ్బాయిలకు ఇష్టమైన పనులే. అడిగి చూడండి.

మే నెలలో మరో సౌకర్యం కూడా ఉంది. అది ఆవకాయ నెల. బడులకు సెలవులు, మళ్లీ తెరిచేది జూన్ రెండో వారానికి. ఎండ, మామిడికాయ, సెలవులు, ఖుర్బానీ, నాలుగూ ఒకే నెలలో కలిసిరావడం ఈ రెండు మూడేళ్లే. ఆవకాయ కూడా పిల్లల చేత పట్టించండి. తడి లేకుండా తుడిచిన ముక్కలు నాలుగు గిన్నెలు, ఆవపిండి, కారం ఒక్కో గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, కాసిని మెంతులు, వెల్లుల్లి, నువ్వుల నూనె. మూడో రోజు తిరగ కలిపి, ముక్క మీద వేలెడు నూనె తేలేలా చూసి, జాడీకి వాసెన కట్టాలి. నూనె గాలిని తగలనివ్వదు, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ జాడీని ఉర్దూలో మర్తబాన్ అంటాం. బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి ఓడల్లో వచ్చిన జాడీలు కాబట్టి ఆ పేరు. సముద్రాలు దాటి వచ్చిన వస్తువు మన వంటింట్లో ఒక మూల బోర్లించి ఉంది, మీద దుమ్ము.

పొరుగువారి సంగతి మరువకూడదు. మాంసం ఎండబెట్టడం అందరికీ చూడ ముచ్చటైన విషయం కాదు. మా దాదీ దండేన్ని వీధి వైపు ఎప్పుడూ కట్టలేదు. పక్కింటి కోమట్ల వాళ్ల డాబాకు కనిపించకుండా పాత చీర అడ్డం కట్టేది. వాళ్లు వడియాలు పెట్టుకునే రోజయితే ఒక రోజు ఆగేది. పక్కింటావిడ, "బూబమ్మా, మా వడియాలు ఎత్తేశాం, ఇక నీ ఇష్టం" అని గోడ మీంచి కేకేసేది. అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి డాబా అందరిదీ. అక్కడ ఇది కుదరకపోవచ్చు. వాళ్లు ఊళ్లో ఉన్న అక్క ఇంటికో ఫూఫీ ఇంటికో పిల్లలను నాలుగు రోజులు పంపండి. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో ఎండుమాంసం, చేతికి పని రెండూ వస్తాయి.

మా ఇంట్లో దాదీ దబ్బనం ఇంకా ఉంది. తుప్పు పట్టింది, బూడిదతో తోమి పెట్టాను. పురికొస ఉండ కొన్నాను. ఖాలాకు డెబ్భై దాటాయి, చూపు తగ్గింది, చెయ్యి ఇంకా వణకడం లేదు. పండుగ రెండో రోజు పొద్దున్నే వస్తానన్నది. నా కొడుకు, వాడి స్నేహితులు ఇద్దరు డాబా మీద గుంజలు పాతుతామన్నారు. ఖసాయి అన్నకు ముందే చెప్పి పెట్టాలి, తొడ కండ ముక్కలు చేయకుండా విడిగా తీసి ఉంచమని.